రోకలి తలకు చుట్టమన్నవాడు

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అన్నాడట వెనకటికొకడు. ఈ సామెతను ముప్ఫయ్యేళ్ళకు పైగా తరగతి గదుల్లో చెప్పాను. పిల్లలు నవ్వేవారు, వారితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. పదవీ విరమణ చేసి, మోకిలలో మా ఇంటి అరుగు మీద తీరికగా కూర్చున్న ఈ రోజుల్లో ఆ సామెతను మళ్ళీ తలచుకుంటే నవ్వు రావడం లేదు. రోకలి మాట కాసేపు పక్కన పెట్టి చూడండి. "నాకు పిచ్చి కుదిరింది" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. పిచ్చివాడని ఒకసారి ముద్ర పడిన మనిషి ఆ మాట అంటే నమ్మేదెవరు? కుదిరిందని అతడే చెప్పుకోవడం, ఇంకా కుదరలేదనడానికి నిదర్శనమైపోతుంది. మన పూర్వులు ఒక్క వాక్యంలో ఇమిడ్చిన ఈ చిక్కుముడి చుట్టూ ప్రపంచ సాహిత్యంలో ఎన్నో కథలు పుట్టాయి. పిచ్చాసుపత్రి గోడల మధ్య అధికారాన్ని ఎదిరించిన మనుషుల కథలు అవి. వాటిలో తెలుగువారి వాటా ఎంత, మన కథల్లో ఆ తిరుగుబాటు ఏ రూపంలో వచ్చింది అన్నది ఈ వ్యాసంలో నా విచారణ.

ముందు మన ప్రాంతపు సంగతి. చేవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి చుట్టుపక్కల పల్లెల్లో మా చిన్నతనాన ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలె" అనేవారు. ఎర్రగడ్డ అంటే ఊరి పేరని మాకు తెలియదు, అదొక శిక్ష పేరనుకునేవాళ్ళం. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యపు పిచ్చి దవాఖాన మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. 1953లో దానిని ఎర్రగడ్డకు తరలించారు. అంతకు చాలా ముందే, 1871లో, మద్రాసు ప్రభుత్వం విశాఖపట్నంలో ఇటువంటి శాల నెలకొల్పింది. అందుకే కోస్తా వారికి విశాఖ ఎలాగో మనకు ఎర్రగడ్డ అలాగ. స్థలనామం తిట్టుగా మారడం భాషలో చిన్న విషయం కాదు. అక్కడికి వెళ్ళిన మనిషి తిరిగి వచ్చినా అతని మాట తిరిగి రాదని జనానికి తెలుసునన్నమాట.

దీనికి ఎదురుగా మన సంప్రదాయంలో మరొక ధోరణి కూడా ఉంది. వేమనను లోకం వెర్రి వేమన అన్నది. అన్నా అతని మాటను పారేయలేదు, ఇంటింటా నిలుపుకున్నది. లోకానికి చురక వేసే హక్కు వెర్రివాడికి ఉన్నదని మనవారు ఒప్పుకున్నారు. అయితే వేమన చుట్టూ ప్రహరీగోడ లేదు, అతని పేరున కేసు కాగితం లేదు. గోడ, కాగితం, తాళంచెవి వచ్చిన తరువాత వెర్రి మాటకు ఆ గౌరవం పోయింది. పడమటి దేశాల్లో ఈ కథలు పుట్టింది కూడా ఆ మూడూ వచ్చిన తరువాతే.

1882లో బ్రెజిల్ రచయిత మషాదో ది అసీస్ ఒక పెద్ద కథ రాశాడు. ఒక చిన్న ఊరిలో సిమాఁవ్ బకమార్తె అనే వైద్యుడు పిచ్చివాళ్ళ కోసం శాల కట్టిస్తాడు. మొదట నిజంగా మతి తప్పినవారిని, తరువాత కొంచెం వింతగా ఉన్నవారిని, చివరకు ఊళ్ళో అత్యధికులను లోపల పెడతాడు. ఒక మంగలి నాయకత్వంలో జనం తిరగబడతారు. తిరుగుబాటు గెలిచిన తరువాత ఆ మంగలి కూడా వైద్యుడితో రాజీకే వస్తాడు. ఆఖరున వైద్యుడు అందరినీ వదిలిపెట్టి, లోపం లేని మనిషిని తానొక్కడినే కనుక పిచ్చివాణ్ణి కూడా తానేనని తీర్మానించి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. హాస్యంగా సాగే కథే, చదివిన తరువాత మాత్రం నవ్వు నిలవదు.

పదేళ్ళ తరువాత, 1892లో, చెఖోవ్ "ఆరో నంబరు వార్డు" ప్రచురించాడు. అందులో రాగిన్ అనే వైద్యుడు తన ఆసుపత్రి దుర్గంధాన్ని ఏళ్ళ తరబడి చూసీ చూడనట్టు గడిపిన మనిషి. గ్రోమొవ్ అనే రోగిలో అతనికి ఆ ఊరిలో మాట్లాడదగిన ఏకైక వ్యక్తి కనిపిస్తాడు. రోజూ వెళ్ళి కబుర్లు చెబుతుంటాడు. వైద్యుడు రోగితో సమానంగా కూర్చుని మాట్లాడటమే ఊరివారికి అనుమానమవుతుంది. సాటి వైద్యుడే నమ్మించి తీసుకువెళ్ళి అతణ్ణి అదే వార్డులో బంధిస్తాడు. తలుపు తీయమన్నందుకు కావలివాడు నికీతా కొడతాడు. మరునాడు రాగిన్ చనిపోతాడు. నిన్నటిదాకా ఇతని ఎదుట లేచి నిలబడిన నికీతాయే ఇవాళ పిడికిలి ఎత్తాడు. మనిషి మారలేదు, గడపకు ఏ వైపున ఉన్నాడన్నదే మారింది.

ఈ కోవలో లోకప్రసిద్ధమైనది కెన్ కీసీ 1962లో రాసిన "వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్". కీసీ మెన్లో పార్కులోని మాజీ సైనికుల ఆసుపత్రిలో రాత్రిపూట సహాయకుడిగా పని చేసినవాడు. మెక్‌మర్ఫీ అనే ఖైదీ శ్రమ తప్పించుకోవడానికి మతి చెడినట్టు నటించి ఆసుపత్రి చేరతాడు. అక్కడ వార్డును ఏలేది నర్సు రాచెడ్. ఆమె అరవదు, కొట్టదు, ఎప్పుడూ రోగి మేలే మాట్లాడుతుంది. టీవీలో ఆట చూడనివ్వనందుకు మెక్‌మర్ఫీ ఆగిపోయిన తెర ముందు కూర్చుంటే, తక్కినవారు ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన చేరతారు. నా దృష్టిలో ఈ నవలకు ప్రాణం వేరొకచోట ఉంది. తోటివారిలో చాలామంది తమంతట తామే వచ్చి చేరినవారని, కావాలంటే ఎప్పుడైనా వెళ్ళిపోగలరని మెక్‌మర్ఫీకి మధ్యలో తెలుస్తుంది. తనకు మాత్రం నర్సు ఒప్పుకునేదాకా విడుదల లేదు. వెళ్ళగలిగినవారు వెళ్ళడం లేదు, వెళ్ళలేనివాడు వాళ్ళకోసం పోరాడుతున్నాడు. చివరికి మెదడు మీద శస్త్రచికిత్స చేసి అతణ్ణి నిర్జీవుణ్ణి చేస్తారు. కథ చెప్పే ఆదివాసి బ్రామ్డెన్, అంతదాకా చెవిటి మూగగా నటించినవాడు, కిటికీ బద్దలుకొట్టుకుని బయటపడతాడు. 1975లో దీనిని చలనచిత్రంగా తీసిన మిలోష్ ఫోర్మన్ చెకొస్లొవేకియా నుంచి వచ్చినవాడు. తన దేశాన్ని ఏలిన పార్టీయే తన పాలిట ఆ నర్సు అని తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. అది అతిశయోక్తి కాదు. 1970లో సోవియట్ రష్యాలో జోర్స్ మెద్వెదేవ్ అనే శాస్త్రవేత్తను రాతల కారణంగా పిచ్చాసుపత్రిలో పెట్టి, లోకం గోల చేయగా 19 రోజులకు వదిలారు.

మన ఉపఖండపు కథ చెప్పకుండా ముందుకు పోలేను. సాదత్ హసన్ మంటో ఉర్దూలో రాసిన "టోబా టేక్ సింగ్" హైదరాబాదు ప్రాంతపు పాఠకులకు కొత్త కాదు. దేశ విభజన జరిగిన రెండు మూడేళ్ళకు రెండు ప్రభుత్వాలూ ఖైదీలను మార్చుకున్నట్టే పిచ్చివాళ్ళనూ మార్చుకోవాలని నిశ్చయిస్తాయి. ఒకడు చెట్టెక్కి, తాను హిందుస్తాన్లోనూ ఉండనని, పాకిస్తాన్లోనూ ఉండనని, ఈ చెట్టు మీదనే ఉంటానని అంటాడు. పదిహేనేళ్ళుగా నిలబడే ఉన్న బిషన్ సింగ్ తన ఊరు ఏ దేశంలో ఉన్నదని అడుగుతూనే ఉంటాడు. సరిహద్దు దగ్గర అటూ వెళ్ళక, ఇటూ రాక, రెండు ముళ్ళకంచెల నడుమ ఎవరిదీ కాని నేల మీద కూలిపోతాడు. అతడు ఎవరినీ కొట్టలేదు, ఒక అడుగు వేయడానికి ఒప్పుకోలేదు. ఈ కథల్లో అంతకు మించిన తిరుగుబాటు నాకు కనబడలేదు.

ఇక తెలుగు. మన గొప్ప నవలలు మనస్సు లోతుల్లోకి వెళ్ళాయి. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర", బుచ్చిబాబు "చివరకు మిగిలేది", నవీన్ "అంపశయ్య" అందుకు సాక్ష్యం. అయితే ఆ అలజడి ఇంట్లోనో, ఊరిలోనో, విశ్వవిద్యాలయపు హాస్టలులోనో సాగింది. పిచ్చాసుపత్రి గోడల లోపలికి తెలుగు ప్రేక్షకుణ్ణి తీసుకువెళ్ళి కూర్చోబెట్టింది 1960లో వచ్చిన ఒక సినిమా. దాని పేరు కూడా "చివరకు మిగిలేది"యే. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు ఒక్కటే ఉమ్మడి. అశుతోష్ ముఖోపాధ్యాయ్ బెంగాలీ కథ ఆధారంగా అసిత్ సేన్ 1959లో తీసిన "దీప్ జ్వేలే జాయ్"కి ఇది తెలుగు రూపం. గుత్తా రామినీడు దర్శకుడు, అశ్వత్థామ సంగీతం, నర్సు పాత్ర సావిత్రిది. మన తెలంగాణకు దీనితో మరొక చుట్టరికం ఉంది. తుంగతుర్తి వాడైన ఎం. ప్రభాకర్ రెడ్డి ఉస్మానియాలో వైద్యవిద్య చదివి, ఈ చిత్రంతోనే నటుడయ్యాడు. దాదాపు పదేళ్ళకు అసిత్ సేనే దీనిని హిందీలో "ఖామోషీ"గా తీశాడు.

కథ క్లుప్తంగా ఇది. ప్రేమలో దెబ్బతిని మతి చెడిన యువకులకు మందుకంటే స్త్రీ ఆదరణే ఔషధమని పెద్ద డాక్టరు నమ్ముతాడు. ఆ ఆదరణను నటించే పని ఒక నర్సుకు అప్పగిస్తాడు. మొదటి రోగి కోలుకుంటాడు, వెళ్ళిపోతాడు. నటిస్తూ నటిస్తూ ఆమె నిజంగానే ప్రేమించిందని ఎవరికీ పట్టదు, ప్రయోగం ఫలించింది గదా! రెండవ రోగి వస్తాడు, మళ్ళీ ఆమెకే ఆజ్ఞ. తన వల్ల కాదంటుంది, చివరకు ఒప్పుకుంటుంది. అతడూ కోలుకుంటాడు. ఈసారి మతి తప్పేది ఆమెకు. తాను సేవ చేసిన చోటనే రోగిగా చేరుతుంది.

"పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు" అని మరొక సామెత ఉన్నది. మగవాడి పిచ్చికి మందుగా ఒక ఆడపిల్లను తెచ్చి కట్టబెట్టే ఆచారం మన ఊళ్ళలో ఎన్నడూ లేదని ఎవరనగలరు? ఆ పిల్లకు ఏమవుతుందని అడిగినవారు తక్కువ. ఈ సినిమా అడిగింది. మెక్‌మర్ఫీ కథలో నర్సు సంస్థకు ముఖం, మన కథలో నర్సు సంస్థకు ఆహుతి. ఆమె పెద్ద డాక్టరుకు విధేయురాలు, ఆయనా దుర్మార్గుడు కాడు, శాస్త్రం కోసం తపించే సజ్జనుడే. ఆజ్ఞను అక్షరాలా నెరవేర్చి, దాని ఫలితాన్ని తన దేహం మీదనే చూపించడం ఆమె ఎదిరింపు. ప్రేమను నటించమన్నారు, ఆమెకు నటన చేతకాలేదు. నోటితో కాదన్నప్పుడు వినని సంస్థకు ఆ పతనమే జవాబైంది. తిరుగుబాటు అంటే కిటికీ బద్దలుకొట్టడమే అనుకునేవారికి ఇది ఓటమిగా కనిపించవచ్చు. ఇంటా ఆఫీసులోనూ కాదనడానికి వీలు లేక ఆడవాళ్ళు ఎలా కుప్పకూలుతారో చూసినవారికి అలా కనిపించదు.

తరువాత నలభై ఏళ్ళకు, 2002లో, రాజశేఖర్ కథానాయకుడుగా జీవిత దర్శకత్వంలో "శేషు" వచ్చింది. ఇది 1999లో బాలా తీసిన తమిళ "సేతు"కు పునర్నిర్మాణం. తలకు దెబ్బ తగిలి మతి పోయిన నాయకుణ్ణి ఆశ్రమం వంటి చోట గొలుసులతో ఉంచుతారు. అక్కడే అతనికి స్పృహ వస్తుంది. తాను బాగున్నానని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. అదిగో, మన రోకలి సామెత! ఈ రెండు చిత్రాల నడుమ, 2001 ఆగస్టు 6న, తమిళనాడులోని ఎర్వాడిలో ఇటువంటి ఆశ్రమం ఒకటి తగలబడి, గొలుసులతో కట్టి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. ఆ దారుణానికి ముందే వచ్చిన కథ "సేతు".

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ కథలు చదివి ఆసుపత్రులన్నీ బందిఖానాలని, వైద్యులందరూ జైలర్లని అనుకోవడం పొరపాటు. కీసీ నవలలో శిక్షగా కనిపించే విద్యుత్ చికిత్సను నేడు మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు, తీవ్రమైన క్రుంగుబాటులో అది ప్రాణం నిలుపుతుంది. ఎర్వాడిలో చనిపోయినవారికి లోపించింది వైద్యమే. 1973లో అమెరికాలో రోజెన్‌హాన్ అనే ఆచార్యుడు, ఆరోగ్యవంతులైన ఎనిమిది మంది 12 ఆసుపత్రుల్లో రోగులుగా చేరగలిగారని, సగటున 19 రోజులు ఉంచారని, వాళ్ళు కాగితం మీద రాసుకోవడం కూడా రోగలక్షణంగా నమోదైందని ప్రకటించాడు. లోకం అదిరిపోయింది. 2019లో సుసన్నా కాహలన్ అనే రచయిత్రి ఆ పరిశోధనను తవ్వి చూసి, దానిలో ఎంత నిజమన్నదే సందేహమని చూపింది. అధికారాన్ని ప్రశ్నించేవారి మాటను కూడా పరీక్షించవలసిందే.

అయినా ఆ కథల ప్రశ్న పాతబడలేదు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్, కరోనా వేళ వైద్యులకు మాస్కులు చాలడం లేదని బాహాటంగా అన్నారు, సస్పెండయ్యారు. మే 16న విశాఖలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యం అందరూ చూశారు. మద్యం మత్తులో అల్లరి చేశారని పోలీసులన్నారు. అక్కడి నుంచి ఆయనను మానసిక వైద్యశాలకు చేర్చారు. హైకోర్టు కలుగజేసుకుని సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది, ఆయన ఇంటికి వచ్చారు. 2021 మేలో గుండెపోటుతో మరణించారు. ఆ వార్తలు చదివిన రోజుల్లో చెఖోవ్ రాగిన్ నాకు పదే పదే జ్ఞాపకం వచ్చాడు. మాస్కులున్నాయా లేవా అన్న ప్రశ్న కన్నా ఆయన మనఃస్థితి ఏమిటన్న ప్రశ్న పెద్దదైపోయింది.

చట్టం ఆలస్యంగానైనా నడిచింది. 1912 నాటి పిచ్చివాళ్ళ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్ళకు పైగా మనను ఏలింది. 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో గాని అమలులోకి రాలేదు. 2017లో చేసి 2018 మేలో అమలుపరచిన కొత్త చట్టం గొలుసులను నిషేధించింది. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఎటువంటిది వద్దో ముందుగానే రాసి పెట్టుకునే హక్కు ఇచ్చింది. తనను ఉంచడం అన్యాయమనుకుంటే మొర పెట్టుకోవడానికి ఒక మండలిని ఏర్పరచమన్నది. కథలు శతాబ్దికి పైగా అడిగినది ఇదే కదా! లోపల ఉన్న మనిషి మాటకు బయట ఒక శ్రోత ఉండాలి.

ఇంతదాకా ఎవరెవరి కథలో చెప్పాను. ఇప్పుడు నా కథ ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ వ్యాసానికి అసలు కారణం అదే.

1986 ప్రాంతంలో ఒక పాఠశాలలో పని చేసేవాణ్ణి. మా డ్రాయింగు మాస్టారు నెమ్మదైనవారు, బొమ్మలు తప్ప వేరే లోకం తెలియనివారు. ఒక రోజు ఆయన ప్రార్థన వేళకు ముందే వచ్చి నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో ఒక ప్రశ్న, దాని కింద కొన్ని అంకెలు రాశారు. ప్రధానోపాధ్యాయుడు తుడిపించారు. మరునాడు మళ్ళీ రాశారు. నెలంతా ఇదే జరిగింది. ఆయన నిద్ర మానేశారు, గడ్డం పెంచారు, ఎవరు పలకరించినా ఆ ప్రశ్నే అడిగేవారు. "మనవాడికి మతి చలించింది" అన్నారు ప్రధానోపాధ్యాయుడు. పైఅధికారులకు ఒక అర్జీ పెట్టాలన్నారు. అర్జీ రాయడానికి తెలుగు పండితుడి కంటే తగినవాడెవడు? నేనే రాశాను. "పిచ్చి" అన్న మాట మొరటుగా ఉంటుందని "చిత్తచాంచల్యము" అని రాశాను. మాట గంభీరంగా కుదిరిందని మనసులో మెచ్చుకున్నాను కూడా. పదకొండు మంది సంతకాలు చేశారు. ఆ కాగితం చూపించి అన్నదమ్ములను ఒప్పించారు, వాళ్ళు ఆయనను ఆసుపత్రిలో చేర్చారు.

తొమ్మిదో రోజున తిరిగి వచ్చారు. అక్కడ ఒక కుర్ర డాక్టరు ఆయనను కూర్చోబెట్టి, బోర్డు మీద ఏమి రాశారో మళ్ళీ కాగితం మీద రాయమన్నాడట. ఆ అంకెలు తానే కూడి చూసి, "లెక్క సరిగానే ఉంది మాస్టారూ, మీకు కావలసింది నిద్ర" అన్నాడట. నిద్రకు మాత్రలిచ్చి పంపాడు. మాస్టారు ఈ సంగతి నాతో ఒక్కడితోనే చెప్పారు. ఆ అర్జీలో భాష ఎవరిదో ఆయన గుర్తుపట్టారో లేదో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆసుపత్రి ఆయనను తొమ్మిది రోజుల్లో వదిలిపెట్టింది, పాఠశాల వదలలేదు. ఆయన నోరు తెరిస్తే చాలు, "మాత్రలు వేసుకున్నారా మాస్టారూ?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అందరూ నవ్వేవారు. కొన్నాళ్ళకు ఆయన మాట్లాడటం మానేశారు, ఆ తరువాత బదిలీ మీద వెళ్ళిపోయారు. కొన్నేళ్ళ కింద కాలం చేశారని తెలిసింది. నర్సు రాచెడ్‌ను చదివినప్పుడల్లా ఆమె ముఖంలో నాకు మా ఉపాధ్యాయుల గది కనిపిస్తుంది. ఆ గదిలో తెల్లకాగితం ముందు పెట్టుకుని, మాట కోసం వెతుకుతున్న ఇరవై ఆరేళ్ళ పండితుడు కూడా కనిపిస్తాడు.

అర్జీలో ఆయన ప్రవర్తన గురించి ఒకటిన్నర పుట రాశాను. ఆయన అడిగిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆలస్యమైనా ఇక్కడ రాస్తున్నాను. నోటీసు బోర్డు మీద నెల రోజులు ఆయన రాసినది ఇదీ: "పిల్లల దగ్గర వసూలు చేసిన ఆటల ఫీజు ఏమైంది?"